‘వచ్చు’, ‘రాదు’ అని రాసే ముందు ఆ చిన్న చేతుల్ని చూడండి

మీ ఒకటో తరగతిలో ముప్పై మంది పిల్లలు. నెలాఖరుకల్లా లెక్కల్లో, రాతలో ఎవరెక్కడున్నారో ఫారం నింపి ఇవ్వాలి. అందులో ఉన్నవి ‘వచ్చు’, ‘కొంత వచ్చు’, ‘రాదు’ అనే మూడు గళ్ళు. టిక్కులైతే పెట్టేస్తున్నాను గానీ పిల్లల గురించి నాకే ఏమీ తెలియనట్టుంది, పాఠం ఆపకుండా గమనించడం ఎలా అని మీరు అడిగారు. ఇరవై రెండేళ్ళుగా ఐదారేళ్ళ పిల్లలకే చెబుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. తీరిగ్గా చదవండి.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మా తరగతిలో ఒక బాబు ఒకటి నుంచి వంద దాకా గడగడా చెప్పేవాడు. ‘లెక్కలు బాగా వచ్చు’ అని రాసి పెట్టాను. తీసివేతలు మొదలవగానే వాడు పూర్తిగా డీలా పడిపోయాడు. శ్రద్ధ పెట్టడం లేదనుకుని రెండు వారాలు కోప్పడ్డాను కూడా. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని, బొత్తాల డబ్బా ముందు పెట్టి, “నాకు ఆరు బొత్తాలు ఇవ్వు” అన్నాను. గుప్పెట నిండా తీసి నా చేతిలో పోశాడు. “ఆరేనా, లెక్కపెట్టి చూడు” అంటే లెక్కపెట్టాడు, పదకొండు వచ్చింది. నా మొహంలోకి చూసి “ఆరు” అన్నాడు. వాడికి వచ్చింది అంకెల పాట. ఆరు అంటే ఎంతో వాడికింకా తెలియదు. తెలియని పిల్లవాణ్ణి రెండు వారాలు తిట్టానన్న బాధ ఇప్పటికీ పోలేదు. పిల్లవాడు ఏ జవాబు చెప్పాడన్నది కాకుండా, ఆ జవాబు దగ్గరికి ఎలా వెళ్ళాడో చూడాలని ఆ రోజే నాకు అర్థమైంది. మీకు చెప్పబోయేదంతా దాని గురించే.

ఈ ‘ఇన్ని ఇవ్వు’ అనే చిన్న పరీక్ష నేను కనిపెట్టింది కాదు. కరెన్ విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లో చిన్న పిల్లల మీద దీన్ని వాడి ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టారు. పిల్లలకు ముందు ‘ఒకటి’ అర్థమవుతుంది. కొన్ని నెలలకు ‘రెండు’, ఇంకొన్నాళ్ళకు ‘మూడు’. అక్కడిదాకా ఒక్కో మెట్టే ఎక్కుతారు. ఆ తర్వాత ఒక దశలో, లెక్కలో చివరగా పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్న సూత్రం పట్టుబడుతుంది. ఇక ఐదైనా ఎనిమిదైనా లెక్కపెట్టి తీసి ఇవ్వగలరు. చాలామంది బడికి వచ్చేసరికే ఈ గీత దాటేస్తారు, కొందరు దాటరు. వందదాకా చెప్పించినంత మాత్రాన ఎవరు దాటారో తెలియదు.

అయితే మూడు బొత్తాలు అడిగి ఊరుకోకండి. మూడు, నాలుగు దాకా లెక్కపెట్టకుండానే కంటిచూపుతోనే పోల్చుకోగలం, పిల్లలు కూడా అంతే. ఐదు పైన అడిగితేనే లెక్కపెడుతున్నారో లేదో బయటపడుతుంది. నేను ఏడు గానీ ఎనిమిది గానీ అడుగుతాను.

లెక్కపెట్టేటప్పుడు ఏం చూడాలో 1978లో గెల్‌మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదు సూత్రాలుగా చెప్పారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె పలకడం, అంకెల వరుస మారకపోవడం, చివరి అంకే మొత్తమని తెలియడం, ఏ వస్తువులనైనా లెక్కించవచ్చని తెలియడం, ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదని తెలియడం. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు గానీ ఈ ఐదూ కళ్ళ ముందు కనిపించేవే. వేలు ఎక్కడుందో, నోరు ఏం పలుకుతోందో రెండూ ఒకేసారి చూడండి. కొందరి వేలు నోటికన్నా ముందు పరుగెడుతుంది. కొందరు పలికే మాటను ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో బొత్తాన్ని ముట్టుకుంటారు: “ప-ద-కొం-డు” అంటూ నాలుగు బొత్తాలు దాటేస్తారు. వాళ్ళకు అంకెల వరుస తప్పలేదు, ఒక మాటకు ఒక వస్తువు అన్న జత కుదరలేదు. లెక్కపెట్టిన బొత్తాన్ని పక్కకు జరిపే అలవాటు చేస్తే చాలామందికి వారంలో సర్దుకుంటుంది. ‘రాదు’ గడిలో టిక్కు పెట్టి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

లెక్కపెట్టడం అయ్యాక “మొత్తం ఎన్ని?” అని అడగండి. వెంటనే “ఎనిమిది” అంటే సరే. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే మాత్రం, ఆ పాపకు ‘ఎన్ని’ అంటే ‘లెక్కపెట్టు’ అనే అర్థం. ఇంకా అక్కడే ఉందని రాసుకోండి.

మన అంకెల పేర్లలో ఒక సౌకర్యం ఉంది, ఒక చిక్కూ ఉంది. ఇరవై ఒకటి నుంచి వరుస సాఫీగా నడుస్తుంది, పదుల పేరు, పక్కనే ఒకట్ల పేరు. కానీ పదకొండు నుంచి పంతొమ్మిది దాకా ఒక్కోదానికి ఒక్కో రూపు. పద్దెనిమిదిలో పది, ఎనిమిది దొరుకుతాయి గానీ పన్నెండులో పదీ, రెండూ తేలిగ్గా గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే, పదిహేను పదహారుల దగ్గర. అది మందకొడితనం కాదు. ఇంకో తప్పు వింటే నాకు ఇప్పటికీ సంతోషమేస్తుంది: “ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై పది!” ఆ పాప వరుసను బట్టీ పట్టలేదు, అందులో ఉన్న పద్ధతిని కనిపెట్టి తనే ముందుకు సాగదీసింది. ముప్పై అనే మాట ఒక్కటి అందిస్తే చాలు. ఫారంలో తప్పుగా కనిపించే ఈ జవాబు నా నోటుబుక్కులో మంచి గుర్తు.

అంకెలు రాసేటప్పుడూ ఇంతే. ఇరవై ఐదు రాయమంటే 205 రాసే పిల్లలు మీ తరగతిలోనూ ఉంటారు. విన్నది విన్నట్టు రాశారు, ఇరవైకి 20, ఐదుకి 5. కొట్టివేసి 25 అని పైన రాస్తే వాళ్ళకు అందేది ఏమీ లేదు. పదేసి పుల్లల కట్టలు రెండు, విడి పుల్లలు ఐదు చేతికిచ్చి, కట్టలెన్ని, విడివి ఎన్ని అని అడిగితే స్థానం సంగతి దారిలో పడుతుంది.

కూడికల దగ్గర ఒక్క ఉదాహరణ చెబుతాను. ‘2 + 6’ ఇస్తే నలుగురిలో ముగ్గురు 8 రాశారనుకోండి. ఒకరు రెండు వేళ్ళు, ఆరు వేళ్ళు తెరిచి ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్నీ లెక్కపెట్టారు. ఇంకొకరు “రెండు” అని మొదలుపెట్టి ఆరు అంకెలు ముందుకు నడిచారు. మూడో పాప ‘ఆరు’ పెద్దదని చూసుకుని “ఏడు, ఎనిమిది” అని ముగించేసింది. ముగ్గురి కాగితం మీదా అదే 8, అదే ఎర్ర టిక్కు. కానీ వాళ్ళు మూడు వేరు వేరు మెట్ల మీదున్నారు. రేపు ముగ్గురికీ ఇవ్వాల్సిన లెక్క ఒకటి కాదు. ఇక నాలుగో బాబు 7 రాశాడు. వాడు వేళ్ళ మీద ఏం చేశాడో చూస్తే, “ఆరు, ఏడు” అని రెండు అంకెలు లెక్కపెట్టాడు. ఆరును మళ్ళీ లెక్కలోకి తీసుకున్నాడు. అంటే పెద్ద అంకె నుంచి మొదలుపెట్టాలన్న తెలివైన పద్ధతిలోకి అడుగుపెట్టాడు, కాలు ఎక్కడ పెట్టాలో ఒక్కటే తేడా. సరైన జవాబు రాసిన మొదటి పిల్లవాడికన్నా తప్పు రాసిన ఇతనే ముందున్నాడు! వర్క్‌షీట్లను ఇంటికి తీసుకెళ్ళి దిద్దితే ఇదంతా ఎలా కనిపిస్తుంది? అందుకే వేళ్ళ మీద లెక్కపెట్టొద్దని పిల్లల్ని ఆపకండి. వేళ్ళు కనబడుతున్నన్నాళ్ళూ వాళ్ళ ఆలోచన మనకు కనబడుతూనే ఉంటుంది.

అడిగే తీరు గురించి ఒక హెచ్చరిక. రెండు వరుసల్లో సమానంగా బొత్తాలు పేర్చి, ఒక వరుసను ఎడం చేసి, “ఇప్పుడు దేంట్లో ఎక్కువున్నాయి?” అని పియాజే అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టిన పరీక్ష మీరు ట్రైనింగ్‌లో చదివే ఉంటారు. పొడుగ్గా ఉన్నదే ఎక్కువని చిన్న పిల్లలు చెబుతారు. కానీ 1970లలో మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ అనేవారు అదే పరీక్షలో పెద్దవాళ్ళ చేతికి బదులు ఒక అల్లరి బొమ్మ వచ్చి వరుసను చెదరగొట్టినట్టు చేశారు. అప్పుడు చాలా ఎక్కువ మంది పిల్లలు ‘సమానమే’ అన్నారు. పెద్దవాళ్ళు కావాలని ఏదో మార్చి అదే ప్రశ్న మళ్ళీ అడిగారంటే జవాబు మారాలి కాబోలని పిల్లలు అనుకుంటారు. మన తరగతుల్లో రోజూ జరిగేది ఇదే. జవాబు చెప్పిన పిల్లవాణ్ణి “నిజమా?” అన్నామంటే సరైన జవాబు కూడా మార్చేస్తాడు. నేను తప్పుకీ ఒప్పుకీ ఒకే గొంతుతో “ఎలా తెలిసింది, చెప్పు” అంటాను. ఇంకోటి, లెక్కపెడుతుంటే నేను తెలియకుండానే తల ఊపేదాన్ని. ఒక పాప బొత్తాలు చూడకుండా నా తలనే చూస్తూ, ఊపడం ఆగగానే తనూ ఆపేది. అప్పటినుంచి నేను కూడా బొత్తాలవైపే చూస్తాను.

ఇక రాత. ఇక్కడ అందరం కలిపేసే మూడు సంగతులున్నాయి, వాటిని విడదీయందే ఏమీ అర్థం కాదు. చేయి ఎంత అదుపులో ఉంది? విన్న శబ్దానికి తగ్గ అక్షరం తెలుసా? తనకంటూ చెప్పాలనుకున్నది ఏదైనా ఉందా? దస్తూరి ముత్యాల్లా ఉన్న పిల్లలకు మిగతా రెండూ ఉన్నట్టే అనుకుంటాం. గజిబిజిగా రాసేవాళ్ళకు ఏదీ లేదనుకుంటాం. రెండూ పొరపాటే.

చేతి సంగతి త్వరగా చెప్పేస్తాను. పిడికిలితో పెన్సిల్ పట్టడం నుంచి మూడు వేళ్ళ పట్టుదాకా రావడానికి సమయం పడుతుంది, ఐదారేళ్ళకు చాలామందికి కుదురుతుంది. ఎడమచేతి వాటం ఉంటే మార్చకండి, కాగితాన్ని కొంచెం వాలుగా పెట్టడం నేర్పండి. 3, 7 లాంటి అంకెల్ని, కొన్ని అక్షరాలను తిరగేసి రాయడం ఏడేళ్ళ లోపు మామూలే. ప్రతి తిరగేసిన అక్షరానికీ పెద్ద పేరున్న జబ్బును అంటగట్టి తల్లిదండ్రులకు టెన్షన్ పెట్టకండి.

బోర్డు మీద చూసి రాసేటప్పుడు కాగితం వైపు చూడకండి, తల వైపు చూడండి. ‘పలక’ అని రాయడానికి ఎన్నిసార్లు తలెత్తారు? ఒక్కో గీతకూ తలెత్తే బిడ్డ బొమ్మ గీస్తున్నట్టే, అక్షరం ఇంకా మనసులో లేదు. అక్షరానికి ఒకసారి ఎత్తితే అక్షరం తెలుసు. మాటకు ఒకసారి ఎత్తితే మాట చదివి రాస్తున్నారు. నెల రోజుల తేడాతో ఇది లెక్కపెట్టి చూస్తే పురోగతి అంకెల్లో కనిపిస్తుంది, ఐదు నిమిషాల పని.

అసలు సంగతి తెలిసేది మాత్రం సొంతంగా రాసినప్పుడే. ఒక పాప రాసిన మూడు కాగితాలు నా ఫైల్లో ఉన్నాయి. మొదటిదాంట్లో వాళ్ళ అమ్మ బొమ్మ వేసి కింద ‘అమ’ అని రాసింది. రెండు నెలల తర్వాత ‘అమమ’. ఇంకొన్నాళ్ళకు ‘అమ్మ’. చూసేవాళ్ళకు మొదటి రెండూ తప్పులే. కానీ ఆ రెండింటి మధ్య ఎంత దూరముందో చూడండి. ‘అమ’ రాసిన రోజున ఆ పాపకు ఒత్తు వినబడలేదు, వినబడినా దానికొక గుర్తు కావాలని తోచలేదు. ‘అమమ’ రాసిన రోజున అక్కడ ఇంకో ‘మ’ ఉందని విన్నది. దాన్ని కింద రాయాలని తెలియక పక్కన రాసింది. నేను ఒత్తు నేర్పాల్సింది సరిగ్గా ఆ రోజునే. అంతకు ముందు నేర్పితే గాలిలో కలిసేది.

ఇలాగే ‘పాలు’కు ‘పలు’, ‘బంతి’కి ‘బతి’, ‘పిల్లి’కి ‘పిలి’ అని రాస్తారు. దీర్ఘం, సున్నా, ఒత్తు. ఈ మూడింటిలో ఏది జారిపోతోందో పిల్లవారీగా రాసుకుంటే ఎవరికి ఏం నేర్పాలో మీకే తెలిసిపోతుంది. మాటను చప్పట్లతో విడగొట్టించి, “పాలు, పలు, రెండూ ఒకలాగే ఉన్నాయా?” అని అడిగి, ముందు చెవికి అందేలా చేయాలి. మన రాతలో గుర్తులు ఎక్కువ. యాభైకి పైగా అక్షరాలు, వాటి గుణింతాలు, ఒత్తులు. ఇవన్నీ స్థిరపడడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఒకటో తరగతి చివరికి అన్నీ వచ్చేయాలనుకుంటే మనమూ అలిసిపోతాం, పిల్లలూ రాత అంటే భయపడతారు.

అక్షరాలు రాకముందు గీసే గీతల్ని కూడా పారేయకండి. ఎమిలియా ఫెర్రేరో అనే అర్జెంటీనా పరిశోధకురాలు చిన్న పిల్లలు రాత గురించి సొంత సిద్ధాంతాలు కట్టుకుంటారని చూపించారు. ఉదాహరణకు పెద్ద వస్తువుకు పెద్ద మాట ఉండాలని కొందరు నమ్ముతారు. మా తరగతిలో ఒక బాబు నాతో గట్టిగా వాదించాడు: “సీతాకోకచిలుక ఇంత చిన్నగా ఉంటుంది కదా, ఏడు అక్షరాలెందుకు? ఏనుగుకు మూడేనా?” వాడప్పటికి పట్టుమని పది అక్షరాలు కూడా రాయలేడు. కానీ రాసేది వస్తువునా, శబ్దాన్నా అన్న ప్రశ్న దగ్గరికి తనంతట తనే వచ్చాడు. ఆ మాట యథాతథంగా తేదీ వేసి రాసుకున్నాను. ఆ నెల వాడి రాత గురించి అంతకన్నా విలువైన సమాచారం నా దగ్గర లేదు.

ఇవన్నీ ముప్పై మందికి ఎలా చూడాలి అన్నారు. అందర్నీ ఒకేరోజు చూడొద్దు. రోజుకు ఆరుగుర్ని అనుకోండి, వారంలో అందరూ అయిపోతారు. మిగతావాళ్ళను పట్టించుకోరని కాదు, ఆ రోజు ఆ ఆరుగురి దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ నిలబడతారు, అంతే. జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, పిల్లకో పేజీ. తేదీ, ఏం ఇచ్చారు, ఏం చేశారు, ఏమన్నారు. ‘చురుకు’, ‘బద్ధకం’, ‘బాగుంది’ లాంటి మాటలు వద్దు. నా పేజీ ఒకటి ఇలా ఉంటుంది:

“ఆగస్టు 12. 9 బొత్తాలు. పక్కకు జరుపుతూ సరిగ్గా లెక్కపెట్టింది. మొత్తం ఎన్ని అంటే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఆగస్టు 26. 8 బొత్తాలు. మొత్తం అనగానే ఎనిమిది అంది. గుప్పెట్లో మూసి అడిగినా ఎనిమిదే అంది.”

నాలుగు ముక్కలు, రెండు వారాల్లో ఆ పాప ఎక్కిన మెట్టు కళ్ళకు కడుతోంది కదా. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాద్దామనుకోకండి. సాయంత్రానికి మనకు గుర్తుండేది అల్లరి చేసినవాళ్ళు, చకచకా చెప్పినవాళ్ళు మాత్రమే. నోరెత్తకుండా కూర్చునే పిల్లలు ఏడాదంతా మన కంట పడకుండానే వెళ్ళిపోతారు. వాళ్ళ పేజీలు ఖాళీగా ఉన్నాయా అని నేను ప్రతి శుక్రవారం తిరగేసి చూస్తాను. నోటుబుక్కు వల్ల నాకు జరిగిన అతిపెద్ద మేలు ఇదే.

రాతకు అదనంగా ఏడాదిలో మూడుసార్లు ఒకే పని ఇవ్వండి: నీకు నచ్చినదాని బొమ్మ వేసి, దాని గురించి రాయి. దిద్దకండి, సాయం చేయకండి. అయ్యాక “ఏం రాశావో చదువు” అని అడిగి, వాళ్ళు చదివింది కాగితం వెనక మీరు రాసుకోండి. వెనక రాసుకోకపోతే నెల తర్వాత ఆ గీతలు ఏం చెప్పాయో వాళ్ళూ చెప్పలేరు, మీరూ చెప్పలేరు.

ఆందోళన పడాల్సింది ఎప్పుడంటే, ఒక్కరోజు చూసి కాదు. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చి తగ్గినా ఆ రోజు లెక్క తప్పుతుంది. మూడు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వస్తువులతో చూడండి. మీరు పద్ధతి మార్చి ప్రత్యేకంగా నేర్పినా రెండు మూడు నెలల్లో పేజీలో ఏ మార్పూ లేకపోతే అప్పుడు ఆలోచించాలి. అప్పుడు కూడా మొదట చూపు, వినికిడి పరీక్ష చేయించమనండి. ‘బంతి’ని ‘బతి’ అని రాస్తున్న ఒక బాబుకు చెవిలోనే ఇబ్బంది ఉందని ఆలస్యంగా తెలిసింది, అప్పటికి ఆరు నెలలుగా సున్నా దిద్దిస్తూనే ఉన్నాను. అవి బాగానే ఉంటే నిపుణుల దగ్గరికి పంపవచ్చు. అక్కడ మీ నోటుబుక్కు పేజీలు చాలా పనికొస్తాయి. జబ్బు పేరు చెప్పాల్సింది వాళ్ళు, మనం చూసింది చెబితే చాలు.

తల్లిదండ్రులు వచ్చినప్పుడు ర్యాంకు గురించో, పక్కింటి పిల్ల గురించో మాట మొదలవుతుంది. నేను మాట్లాడకుండా వాళ్ళ బిడ్డవే రెండు కాగితాలు, తేదీలతో సహా పక్కపక్కన పెడతాను. ‘అమమ’ ఎందుకు మంచి గుర్తో చెబుతాను. ఆ తర్వాత పక్కింటి పిల్ల ప్రస్తావన దాదాపు రాదు.

ఇక మీ ఫారం. మూడు గళ్ళు మార్చడం మన చేతిలో లేదు, టిక్కు పెట్టాల్సిందే. కానీ ఆ గడి పక్కన కొంచెం ఖాళీ ఉంటుంది. ‘కొంత వచ్చు’ అని టిక్కు పెట్టి, పక్కనే “8 దాకా తీసి ఇవ్వగలదు, పదిహేను తర్వాత వరుస తడబడుతోంది” అని ఒక్క వాక్యం రాయండి. వచ్చే ఏడాది ఆ పిల్లలను తీసుకునే టీచర్ టిక్కును పట్టించుకోరు, ఆ వాక్యం చదువుతారు. రేపు ఆరుగురితో మొదలుపెట్టండి. ఒక డబ్బాలో ఇరవై బొత్తాలు వేసుకుని వెళ్ళి ఏడు ఇవ్వమని అడగండి. ఎవరేం చేశారో ఇక్కడే రాస్తే, తర్వాత ఏం చూడాలో కలిసి ఆలోచిద్దాం.